మునిరత్నం కుడిచెయ్యి

2018వ సంవత్సరం, తమిళుల ఆడి మాసం, మన ఆషాఢం లాంటిది. చెన్నైలో ఆ నెలలో పెళ్ళిళ్ళు ఉండవు. ఆ లోటు తీర్చుకోవడానికి బట్టల కొట్లు తగ్గింపు బోర్డులు కట్టి ఊరినంతా పిలుస్తాయి. పురసవాక్కం రోడ్డు మీద ఒకరి భుజం ఒకరికి తగలకుండా నడవడం అప్పుడు కుదరదు. ఆ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను ఎముకల శస్త్రవైద్యుణ్ణి. ఆ నెలలో మా దగ్గరికి కొట్ల మనుషులే ఎక్కువగా వస్తారు. మూటలు ఎత్తి నడుం పట్టేసినవాళ్ళు, షట్టర్ కింద వేలు పెట్టినవాళ్ళు, నిచ్చెన మీంచి జారినవాళ్ళు.

మునిరత్నం నిచ్చెన మీంచి జారినవాడు. చీరల సెక్షన్‌లో సేల్స్‌మన్, నలభై దాటిన మనిషి. పై అరలోంచి పట్టుచీరల కట్ట దింపుతుంటే నిచ్చెన పక్కకు ఒరిగింది. కట్టను వదిలేసి ఉంటే చేతులు ఆనించుకునేవాడు. వదల్లేదు. గుండెకు హత్తుకునే పడ్డాడు. ఒంటి బరువూ చీరల బరువూ కలిసి కుడి దండ మీద, మోచేతికి పైభాగాన, పడ్డాయి.

ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. వెనక భార్య సులోచన. నేను ఎక్స్‌రే చూస్తున్నంతసేపూ అతను నా ముఖమే చూస్తున్నాడు.

"అయ్యా, తప్పుగా అనుకోబాకండి. మీరు సౌకార్‌పేట జవుళి మండీ చిన్నయ్యగారు గదా?"

నేను తలెత్తాను.

"మా నాయన చెంగయ్య మీ మండీలో మడత పని చేసేవాడయ్యా. మా యింట్లో పండగంటే పెద్దయ్యగారు ఇచ్చిన బట్టలే."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. "మీ ముందరా? పరవాలేదయ్యా," అన్నాడు. నొప్పికి పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"నీ మర్యాద తగలెయ్య," అంది సులోచన. "కళ్ళు తిరిగి పడితే ఇంగో చెయ్యి ఇరుగుతాది. ఆడ కూచో."

కుర్చీ అంచున, సగం మాత్రమే కూర్చున్నాడు.

మా ఇంటి సంగతి ఇక్కడ కొంత చెప్పక తప్పదు, ఈ కేసులో దానికి పాత్ర ఉంది కాబట్టి. మా తాతగారి కాలంలో ఉత్తర చెన్నైలో మా జవుళి మండీ తెలియని టోకు వర్తకుడు లేడు. మా నాన్నగారి కాలంలో అదంతా పోయింది. ఎలా పోయిందో చెప్పడం నాకిష్టం లేదు. అద్దె ఇంట్లో ఉండి చదువుకున్నాను. ఎవరి ముందూ తల వంచలేదు. మాకు మిగిలింది ఒకటే. మండీలో పనిచేసిన పాత మనుషులు ఎదురైతే ఇప్పటికీ చెప్పులు విడిచి నిలబడతారు. దాన్ని నేనెప్పుడూ వద్దనలేదు. అందుకు తగ్గట్టు నిటారుగా నిలబడడం నా బాధ్యత అనుకున్నాను.

భుజానికీ మోచేతికీ మధ్య ఉండేది హ్యూమరస్ అనే ఒక్క ఎముక. చాలాసార్లు దీనికి ఆపరేషన్ అక్కర్లేదు. ప్లాస్టర్ పట్టీ వేసి, చేతిని మెడకు కట్టి, దాని బరువుతో అదే సర్దుకునేలా వదిలేస్తాం. మునిరత్నానికీ అదే చేశాను. వారం తర్వాత తీసిన ఎక్స్‌రేలో ముక్కలు దగ్గరపడకపోగా ఇంకా దూరమయ్యాయి. మధ్యలో కండ ఇరుక్కుని ఉంటుంది. ఇక తెరిచి, ముక్కలు కలిపి, స్టీలు ప్లేట్ పెట్టి స్క్రూలతో బిగించాలి.

ఈ ఎముకలో వైద్యుణ్ణి భయపెట్టేది ఎముక కాదు, దాన్ని చుట్టుకుని వెళ్ళే నరం. రేడియల్ నెర్వ్ అంటాం. దండ వెనకవైపున ఎముకను ఆనుకునే మెలితిరిగి కిందికి దిగుతుంది. మణికట్టును, వేళ్ళను పైకెత్తే పని దానిది. అది దెబ్బతింటే మనిషి పిడికిలి కొంత బిగించగలడు, భుజం ఎత్తగలడు, కానీ మణికట్టు వేలాడిపోతుంది. దీన్ని రిస్ట్ డ్రాప్ అంటాం.

వచ్చిన రోజూ, ఆపరేషన్ ముందూ నేను స్వయంగా చూశాను. "మణికట్టు పైకెత్తు," అంటే ఎత్తాడు. వేళ్ళు చాపమంటే చాపాడు. నరం పనిచేస్తోంది. అయినా ఆపరేషన్‌లో దాని పక్కనే డ్రిల్ పెట్టాలి కాబట్టి ప్రమాదం గురించి ఇద్దరికీ వివరంగా చెప్పాను.

మునిరత్నం సగంలోనే అందుకున్నాడు. "మీరు చేసేదే అయ్యా. నేనేం అడిగేది?"

"ఆ నరం పోతే ఏమైతాదయ్యా?" అని సులోచన అడిగింది.

"గొమ్మునుండు. అయ్యనే అడుగుతావా?"

"నేను గాక ఎవురు అడిగేది? చీర ఇదిలించేది నువ్వు ఏ చేత్తో?" అని నా వైపు తిరిగింది. "ఈయన చీర ఇప్పేది చూడాలయ్యా మీరు. అంచు పట్టుకుని ఒక్క ఇదిలింపు. ఈ కొసనుంచి ఆ కొసకు నీళ్ళు పోసినట్టు పరుచుకుంటాది. కొట్లో ఈయన్ని ముందు వరసలో కూచోబెట్టేది దానికే. ఆ చెయ్యి లేవలేదంటే వాకిట్లో చెప్పుల టోకెన్లు ఇచ్చేదానికి పొమ్మంటారు."

మునిరత్నం మొదటిసారి తన కుడి మణికట్టు వైపు చూసుకున్నాడు. అప్పుడు అతని కళ్ళలో ఉన్న భయం నాకు బాగా గుర్తుంది. అయితే అది ఒక్క క్షణమే. మళ్ళీ నా వైపు తిరిగి, "అంతా బాగానే అవుతాదయ్యా మీ చేతిలో," అన్నాడు. నాకు ధైర్యం చెబుతున్నట్టు.

మత్తు ఇచ్చింది డాక్టర్ వసంతగారు. మైలాపూరు నుంచి వచ్చేవారు. నాకంటే పెద్దావిడ, నోటికి అడ్డూ ఆపూ లేదు. ఒక్క చేతికే మత్తివ్వడం తేలిక. కానీ ఆ మత్తు మర్నాటి దాకా ఉండిపోవచ్చు. అంతవరకూ నరం బాగుందో లేదో తెలుసుకునే దారి ఉండదు. అందుకని మనిషికే పూర్తి మత్తు ఇవ్వమన్నాను.

టేబుల్ మీద పడుకోబెడుతుంటే మునిరత్నం లేవబోయాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. వసంతగారు భుజం పట్టి పడుకోబెట్టి, నేను నిలబడ్డ తీరు చూసి, "ఏమబ్బాయ్, మీ వంశంలో వెన్నుకి కూడా ప్లేట్ వేసే కంటారా?" అన్నారు. నర్సులు నవ్వారు. నేను నవ్వలేదు.

దండ వెనకవైపు తెరిచి, కండను చీల్చుకుంటూ వెళితే నరం కనబడింది. దీపంలో వేసే లావాటి వత్తిలా, తెల్లగా, మెరుస్తూ ఉంటుంది. విరిగిన ఎముక కొస పదునుగా నిలబడి ఉంది. నరం దాని మీద సాగి పడి ఉంది. ఆ సాగినచోట ఎర్రగా కమిలింది. తెగలేదు. కానీ ఇన్ని రోజులూ అది ఆ కత్తి అంచు మీదే ఉందన్నమాట. అతను నిద్రలో ఒత్తిగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకోగానే చేతులకు చెమట పట్టింది. గ్లవ్స్ లోపల చెమట ఎవరికీ కనబడదు, అదొక్కటే నయం.

నరాన్ని మెత్తటి రబ్బరు పట్టీతో పక్కకు తీసి, ముక్కలు కలిపి, నరం కిందుగా ప్లేట్ జరిపాను. ఒక్కో స్క్రూకీ ముందు డ్రిల్ వేయాలి. ఎముక గొట్టంలాంటిది, దానికి రెండు గోడలు. మొదటి గోడలో డ్రిల్ ఒక గొంతుతో మోగుతుంది, మధ్యలో మెత్తబడుతుంది, రెండో గోడలో మళ్ళీ గట్టిపడుతుంది. అది దాటే క్షణంలో చెయ్యి ఆగకపోతే డ్రిల్ అవతలికి దూసుకుపోతుంది. ఎన్నో ఏళ్ళు చేసిన పనే. ఆ రోజు మాత్రం ప్రతి స్క్రూకీ ఊపిరి బిగబట్టాను. చివరికి నరం ప్లేట్ మీద, ఎక్కడా నలగకుండా, వదులుగా పడుకుని ఉండడం నా కళ్ళతో చూశాను. శ్రావణి అనే డ్యూటీ డాక్టర్‌ని పిలిచి ఆమెకూ చూపించాను. ఆ తర్వాతే మూశాను.

మెలకువ వచ్చేటప్పుడు అతను నొప్పితో మూలిగాడు కానీ మాట అందుకునే స్థితిలో లేడు. నాకు మాధవరం వైపు ఇంకో ఆసుపత్రిలో ఆపరేషన్ ఉంది. పూర్తిగా తెలివి వచ్చాక చూసి ఫోన్ చెయ్యమని శ్రావణికి చెప్పి వెళ్ళాను. ఆ అమ్మాయి విజయవాడ నుంచి కొత్తగా వచ్చింది, బాధ్యత గల పిల్ల. ఫోన్ చేసింది.

"బాగున్నాడు సార్. వేళ్ళు కదుపుతున్నాడు."

"మణికట్టు?"

"నిటారుగానే ఉంది సార్. నాకు రెండు చేతులూ జోడించి దణ్ణం కూడా పెట్టాడు."

మర్నాడు ఉదయం నేను వార్డులోకి అడుగు పెట్టేసరికి అదే దణ్ణం నాకూ ఎదురైంది. దిండుకు ఆనుకుని కూర్చుని, మెడకు వేలాడే పట్టీలోంచి బయటికొచ్చిన కుడి అరచేతికి ఎడమ అరచేతిని ఆనించి, నవ్వుతూ, "శానా బాగుందయ్యా. నొప్పే లేదు," అన్నాడు. సులోచన కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు.

"ఎడమచెయ్యి తియ్యి," అన్నాను.

తియ్యలేదు. "బాగుందయ్యా," అన్నాడు మళ్ళీ.

"తియ్యమన్నాను."

తీశాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర మడిచి, తువ్వాలులా వేలాడిపోయింది.

పక్కన శ్రావణి గట్టిగా ఊపిరి పీల్చడం వినబడింది. ఎత్తమన్నాను. అతని ముఖం ఎర్రబడింది, మెడనరాలు ఉబ్బాయి, భుజం కదిలింది. మణికట్టు కదల్లేదు.  గొంతు మామూలుగానే ఉంచుకుని అడిగాను. "ఎప్పటి నుంచి?"

"ఇప్పుడేనయ్యా," అన్నాడు గబగబా. "తెల్లారిందాకా లేస్తానే ఉండింది. నేనే బుద్ధిలేక దాని మీద ఒరిగి పడుకుంటిని. తప్పు నాదే. మీ పని శానా బాగుండాది."

ఈ జవాబు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మెలకువ వచ్చినప్పటి నుంచే చెయ్యి లేవకపోతే, అప్పటికే కమిలిన నరం మా చేతులు తగిలి స్తంభించిందని అర్థం. నరం తెగలేదని, ప్లేట్ కింద నలగలేదని నేను కళ్ళారా చూశాను కనుక అప్పుడు చేయాల్సింది కాచుకోవడం. మళ్ళీ తెరిచి కదిలిస్తే లేవవలసిన నరాన్ని మనమే చంపినవాళ్ళమవుతాం. అలా కాక, రాత్రంతా లేచిన చెయ్యి తెల్లవారి పడిపోతే, లోపల నెత్తురు గడ్డకట్టి నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు. అప్పుడు ఒక్కో గంటా నష్టమే. వెంటనే తెరవాలి. దండ వాచి ఉంది, కానీ ఆపరేషన్ అయిన మర్నాడు ఎవరి దండైనా వాస్తుంది. స్కానింగ్ చేసే మనిషి మధ్యాహ్నం దాకా రాడు. వచ్చినా ఆ వాపులో, పక్కన స్టీలు పెట్టుకుని, తేలేది తక్కువ. నా దగ్గరున్న ఆధారమల్లా మునిరత్నం మాట ఒక్కటే.

ఆ మాట నమ్మితే తెరవాలి. థియేటర్ సిద్ధం చేయమన్నాను.

వసంతగారు కేసు చూసి బయటికొచ్చి, "ఇడ్లీలు తిన్నాడు," అన్నారు. నిండు కడుపు మీద మత్తు ఇస్తే తిన్నది ఎదురొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానివల్ల మనుషులు చనిపోతారు.

"ఆగితే చెయ్యి పోతుంది," అన్నాను.

"నిజంగా అవసరమైతే ఇస్తాను. నాకూ ధైర్యం ఉంది. కానీ అవసరమేనని నాకు చెప్పు."

"తెల్లవారి పడిపోయిందని అతనే చెప్పాడు."

"అతను నీకు చెప్పాడు. నా అనుమానం అక్కడే." గొంతు తగ్గించారు. "నిన్న టేబుల్ మీద ఎందుకు లేవబోయాడో తెలుసా? నువ్వు నిలబడి ఉంటే తను పడుకోవడమేంటని. కోసే మనిషి ముందు పడుకోవడానికి మొహమాటపడ్డవాడు, నీ ఆపరేషన్ చెడిపోయిందని నీ మొహం మీద చెప్తాడా? వెళ్ళి నిజం కనుక్కునిరా. నేను ఇక్కడే ఉంటాను."

తిరిగి వార్డులోకి నడిచిన ఆ నాలుగడుగుల్లో నాకు తెలిసింది. మా ఇంటికి మిగిలిన ఆస్తి అని నేను అనుకుంటున్న ఆ మర్యాదే ఆ క్షణాన అతని చేతిని నొక్కుతోంది. అంతకంటే భయంకరమైన సంగతి ఇంకొకటి ఉంది. నేను గట్టిగా అడిగితే మాట మారుస్తాడు. కానీ నిజమని మారుస్తాడో, నాకు కావలసింది అదేనని మారుస్తాడో ఎలా తెలుస్తుంది? ఏ జవాబు నాకు కావాలో అతనికి తెలియకుండా అడగాలి.

సులోచనను శ్రావణితో వరండాలోకి పంపాను. ఏం అడగాలో శ్రావణికి చెప్పలేదు, ఏం అడగకూడదో చెప్పాను. చెయ్యి మాట ఎత్తొద్దు. నిన్న మెలకువ వచ్చినప్పటి నుంచి ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఎవరు పెట్టారు, అది మాత్రం చెప్పించు అన్నాను.

అప్పుడు ఒక స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. మా తాతగారు మండీ మనుషులతో నిలబడే మాట్లాడేవారు. నేను రోగులతో అలాగే మాట్లాడేవాణ్ణి. స్టూలు మంచం కంటే పొట్టి. మునిరత్నం కంగారుపడ్డాడు.

"అయ్యా, ఇదేందయ్యా, మీరు కిందనా? నేను లేస్తా..."

"కదలొద్దు. నాకు భయంగా ఉంది, మునిరత్నం."

 ఆ మాట నా నోటి నుంచి ఎవరూ విని ఎరగరు. ఇంట్లో కూడా.

"నీకు అన్నం పెట్టే చెయ్యి అది. ఇప్పుడు నేనొక పని చెయ్యాలి. రెండు దారులున్నాయి. తప్పు దారి పట్టానంటే ఆ చెయ్యి ఇక లేవదు. ఏ దారో నాకు తెలియడంలేదు. నువ్వు చెబితేనే తెలుస్తుంది. నా పేరు, మా తాతగారి పేరు, మండీ, ఇవేవీ నువ్వు కాపాడక్కర్లేదు. నేను కాపాడుకోగలను. నిన్న కళ్ళు తెరిచినప్పటి నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పు. చెయ్యి గురించి కాదు. మొదట ఏం అడిగావు?"

దిండు మీదికి తల వాల్చి పైకప్పు వైపు చూశాడు. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"నీళ్ళు అడిగితినయ్యా," అన్నాడు. "మా యింటిది లోటా ఇచ్చింది. అలవాటు మీద ఈ చెయ్యి చాచితిని. వేళ్ళతో పట్టుకుంటిని గానీ, మణికట్టు నిలవలా. లోటా వాలిపోయి నీళ్ళంతా పక్క మీద పడినాయి. అప్పుడే తెలిసింది నాకు. దాని మొగం చూస్తిని. అరవబాక అన్నా. ఎవురికీ చెప్పబాక అన్నా. చిన్నయ్యగారు మొదటిసారి మన చెయ్యి ముట్టుకున్నారు, ఆయనకి చెడ్డపేరు మనవల్ల రాకూడదంటిని. డాక్టరమ్మ వచ్చినప్పుడు ఎడమచెయ్యి ఊతం పెట్టి దణ్ణం పెట్టినా. నిలబడింది."

"మళ్ళీ కోయాల్సి వస్తుందని తెలిసి కూడా ఇందాక ఎందుకు చెప్పలేదు?"

"నేను పడుకున్నందుకు పడిపోయిందంటే తప్పు నాదవుతాది గదయ్యా. మళ్ళా కోస్తే కోయించుకుంటా అనుకుంటిని." కొంచెం ఆగి అన్నాడు. "భయంగానే ఉండింది. రాత్రంతా నిద్రలేదు. ఆ చెయ్యి నాది కానట్టు చల్లగా ఉండాది."

వరండాలో సులోచన అప్పటికే శ్రావణి దగ్గర ఏడుస్తోంది. నీళ్ళు, లోటా, తడిసిన పక్క. అదే కథ, అదే వరస. సగంలో తనంతట తనే చెయ్యి సంగతి కక్కేసింది. "ఆ మండీ పోయి ఎన్నేళ్ళాయె డాక్టరమ్మా? ఈయన బుర్రలో ఇంగా తెరిచే ఉండాది," అందట. వార్డు ఆయాను పిలిపించాను. "ఆమా సార్, అవును, పక్కంతా నీళ్ళు. థియేటర్ నుంచి తెచ్చిన కాసేపటికే. నేనే దుప్పటి మార్చితిని," అంది. ఆమెకు మా మండీ సంగతి తెలియదు, నా పేరు కాపాడాల్సిన అవసరమూ లేదు.

థియేటర్ వద్దని చెప్పాను. వసంతగారు సంచీ సర్దుకుంటూ, "ఇప్పుడు అసలు కష్టం," అన్నారు.

ఆ మాట నిజం. కత్తి పట్టుకున్నప్పుడు భయం వేళ్ళలోకి దిగి పనిగా మారుతుంది. ఏమీ చేయకుండా కాచుకునేటప్పుడు దానికి పోయే చోటు ఉండదు. మణికట్టు ఎత్తి ఉంచే పట్టీ తొడిగి ఇంటికి పంపాను. గాయం మానింది. ఎముక అతుక్కోవడం మొదలైంది. ఎక్స్‌రేలో ప్లేట్ పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది. చెయ్యి మాత్రం వేలాడుతూనే ఉంది. కొట్లో అతన్ని చెప్పుల టోకెన్ల దగ్గర కూర్చోబెట్టారు. దీపావళి అమ్మకాలు అతను లేకుండానే అయిపోయాయి. నరంలో కరెంటు పంపి చూసే పరీక్ష చేయించాను. అది ఆశ పెట్టుకోమనీ చెప్పలేదు, వదులుకోమనీ చెప్పలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి, చీకట్లో నా మణికట్టు నేనే ఎత్తి చూసుకునేవాణ్ణి. వాళ్ళు ముగ్గురూ చెప్పింది నిజమే. కానీ నేను ఆ నిజం నుంచి తీసిన అర్థం తప్పయితే?

వచ్చిన ప్రతిసారీ మునిరత్నానికి ఒకే నియమం పెట్టాను. ముందు బాగాలేనిది చెప్పాలి. మొదట్లో నీళ్ళు నమిలాడు. తర్వాత సులోచన మోచేత్తో పొడిస్తే చెప్పాడు. ఆ తర్వాత పొడవక్కర్లేకపోయింది.

"ఈ పట్టీ ఎవురు కుట్టినారయ్యా? బొటనేలు కాడ కొరుకుతా ఉండాది."

"మార్పిస్తాను. ఇంకా?"

"టోకెన్ల కాడ కుర్రోళ్ళు 'వేలాడే చెయ్యన్నా' అని పిలస్తా ఉండారు. ఇంగా... ఒకటి అడగొచ్చునా?"

"అడుగు."

"ఆ రోజు మళ్ళా తెరిచుంటే లేచేదా?"

మండీ మనుషుల్లో ఎవరూ మా ఇంటివాళ్ళను అలాంటి ప్రశ్న అడిగి ఉండరు. "తెలియదు," అన్నాను. అతను తల ఊపాడు. కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది.

కార్తీక దీపం వెళ్ళిన వారం వచ్చాడు. ఆ రోజు కూడా జాడ లేకపోతే మళ్ళీ తెరిచి చూడాలని ముందే అనుకున్నాం. వసంతగారితో మాట్లాడి రోజు కూడా చూసుకున్నాను. అతనికీ తెలుసు. ఖాళీ కడుపుతో రమ్మనకపోయినా ఏమీ తినకుండా వచ్చాడు. కుర్చీలో పూర్తిగా వెనక్కి ఆనుకుని కూర్చుని, నేను అడగకముందే మొదలుపెట్టాడు.

"ఏం లేదయ్యా. అట్లనే ఉండాది. పొద్దున దానికి నోరు పడిపోయేంత సేపు చెప్పి చూస్తిని, ఎత్తు ఎత్తు అని. ఒక్క వెంట్రుకంత కూడా కదలా. మీకు నచ్చినా నచ్చకపోయినా అదీ సంగతి."

సులోచన పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను పట్టీ విప్పాను. నరం పై నుంచి కిందికి మేలుకుంటుంది. మణికట్టు కంటే ముందు, మోచేతి పక్కన ముంజేతిలో ఉండే ఒక కండకు కబురు అందాలి. బొటనవేలు పైకుండేలా చెయ్యి పెట్టి, మోచెయ్యి మడవమని, నా చేత్తో కిందికి నొక్కిపెట్టి, రెండో చేతి వేళ్ళు ఆ కండ మీద ఉంచాను.

"మడువు."

"మడస్తానే ఉండా. ఏం లేదంటిని గదయ్యా."

నా వేళ్ళ కింద ఏదో మెదిలింది. నా నాడి కొట్టుకుంటోందేమో అనుకున్నాను. వేళ్ళు మార్చి పెట్టాను.

"మళ్ళీ."

"ఎన్నిసార్లు చెప్పేది మీకు? లేదు. చచ్చిపోయింది. తెరవాలంటే తెరవండి."

కండ గట్టిపడింది. సన్నగా, తాడు బిగిసినట్టు.  సులోచన చెయ్యి పట్టుకుని, ఆమె వేలు అక్కడ పెట్టి, "మళ్ళీ మడువు," అన్నాను. ఆమె ముఖం చూసి అతనికి అర్థమైంది. అప్పటిదాకా కేకలేసిన మనిషి ఎడమచెయ్యి తెచ్చి ఆమె వేలి పక్కన పెట్టుకున్నాడు.

మణికట్టు లేచేసరికి ఎండాకాలం వచ్చింది. చీరలు మళ్ళీ పరుస్తున్నాడు. మునుపటి విదిలింపు అంతా రాలేదని అతనే వచ్చి చెప్పి వెళ్ళాడు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారింది ఒకటే. రోగి చేతులు జోడించి "అంతా బాగుందయ్యా" అంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. ఆ చేతులు విడదీసి, ఒక్కొక్కటీ విడిగా చూసేదాకా ఆ మంచం వదిలి వెళ్ళను. పోయిన వారం ఒక పెద్దాయన కట్టు బిగుతుగా వేశానని వార్డంతా వినబడేలా నన్ను తిట్టాడు. కట్టు వదులుచేసి, వేళ్ళు చూసి, ఆ రాత్రి ఇంటికి వెళ్ళి హాయిగా పడుకున్నాను.